సీసా వెనకాల చిన్న అక్షరాలు

నాకు కోపం ముక్కు మీద ఉంటుందని మా అమ్మ ఊరందరికీ చెప్పుకునేది. అది తప్పు. నా కోపం ఎప్పుడూ చేతిలోనే ఉంది. నోరు ఇంకా మాట కోసం వెతుక్కుంటుండగానే చెయ్యి పని కానిచ్చేస్తుంది. ఈ సంగతి అందరికంటే బాగా తెలిసింది నా కూతురికి. అప్పుడు దానికి ఎనిమిదేళ్లు. నేను రాస్తున్నది దాని తల గురించి, ఆ తలకు నేను చేసిన పని గురించి.

కామారెడ్డిలో డిగ్రీ రెండో ఏడు చదువుతుండగా నాకు పెళ్లయింది. అత్తగారిది లింగంపేట పక్కన ఊరు. మా ఆయన పెళ్లికి ముందే దుబాయిలో ఏసీలు బిగించే పనిలో ఉన్నాడు. రెండేళ్లకోసారి నెలన్నర సెలవు మీద వచ్చేవాడు. ఇంట్లో నేను, మా అత్త, పుట్టాక పిల్ల. ఉన్న కొద్దిపాటి పొలం కౌలుకిచ్చాం. అత్తా నేనూ పొద్దస్తమానం అరుగు మీద కూర్చుని బీడీలు చుట్టేవాళ్లం.

నాకు ఆ పని పుట్టింట్లో అలవాటు లేదు. చాట కొత్తగా ఒళ్లో పెట్టుకున్న వారం రోజులూ వాంతులే. ముద్ద లోపలికి పోయేది కాదు, తల గిర్రున తిరిగేది, అరచేతులకు చెమటలు పట్టేవి. నీళ్లోసుకున్నానేమోనని వాడకట్టు ఆడవాళ్లు సంబరపడ్డారు. అత్త పకపకా నవ్వింది. "నీళ్లు లేవు, పాడు లేవు. తంబాకు ఎక్కింది పిల్లకు. అందరికీ ఎక్కుతది, నాలుగు దినాలైతే అలవాటైతది" అంది. అలవాటయింది. తర్వాత ఆ పొగాకు వాసన నా చీరలకూ జుట్టుకూ పట్టేసి, ఉందన్న సంగతే మరిచిపోయాను. ఈ ముక్క నాకు బాగా తెలిసిన ముక్క. తెలియక చేశానని నేను ఎవరి ముందూ అనలేను. అందుకే ముందే చెబుతున్నాను.

పిల్లకు ఏడు నిండిన ఏడాది ఆయన వచ్చినప్పుడు పెట్టె నిండా దాని సామానే తెచ్చాడు. షాంపూ, పౌడరు, ఒంటికి రాసే క్రీము, గుడ్డు ఆకారంలో సబ్బు. ప్రతి డబ్బా మీదా ఒక తెల్లతోలు పసిపిల్ల నవ్వుతూ ఉంది. వాడకట్టు పిల్లలంతా వరసగా నిలబడి మూతలు తీసి వాసన చూసి పోయారు. మా పిల్ల రెండు రోజులు షాంపూ సీసాను పక్కలో పెట్టుకుని పడుకుంది. ఆయన వెళ్లిపోయాక కూడా ఆ సీసా వాసన చూసి "బాపు వాసన" అనేది. అది వింటే నాకు ఒళ్లు మండేది. రాత్రీ పగలూ దాన్ని సాకేది నేను, వాసన మాత్రం ఆయనది!

ఆ ఎండాకాలంలో పిల్ల మెడ వెనక ఎర్రగా దద్దు లేచింది. చెమటపొక్కులని అత్త అంది. అదే రోజుల్లో బీడీలు ఇచ్చే కార్ఖానా దగ్గర ఒకామె ఫోనులో ఒక వీడియో చూపించింది. అందులో తెల్లకోటు వేసుకున్న మనిషి పిల్లల షాంపూ సీసా పట్టుకుని, ఈ నురగ వచ్చేది ఫలానా, బండలు కడిగేవాటిలోనూ ఇదే ఉంటుంది, చెడిపోకుండా కలిపేది ఫలానా, ఇది ఒంట్లోకి ఇంకి ఆడపిల్లల్ని పాడు చేస్తుంది అని గుక్క తిప్పుకోకుండా చెబుతోంది. ఆమె ఎవరో, ఎక్కడ చదివిందో నేను అడగలేదు. తెల్లకోటు మా ఊరి కటింగు షాపాయనకు కూడా ఉంది. అయినా నాకు ఆ మాటలు వేదవాక్కుల్లా పట్టేశాయి.

ఇంటికొచ్చి సీసా తిప్పి చూశాను. వెనకాల నువ్వుగింజంత అక్షరాలు. సోడియం ఏదో సల్ఫేట్, ఏదో పారాబెన్, ఇంకేదో గ్లైకాల్. నోరు తిరగని పేర్లు ఇరవై దాకా ఉన్నాయి. ఇంటర్లో కెమిస్ట్రీ అత్తెసరుగా గట్టెక్కినదాన్ని నేను. సల్ఫేట్ అనగానే నాకు తెలిసింది నాట్లయ్యాక పొలంలో చల్లే జింకు సల్ఫేట్ ఒక్కటే. పొలంలో చల్లేది నా పిల్ల నెత్తిన రుద్దుతున్నామా అనుకున్నాను. అంతే, కాళ్ల కింద భూమి కదిలింది.

ఆ భయం అంతా ఉత్తదే అని నేను ఇప్పటికీ అనను. పిల్లల ఒంటికి రాసేదాంట్లో ఏముందో అడగడం తల్లి పనే. కాని నేను అడగలేదు. అడగాలంటే ఎల్లారెడ్డి పోయి డాక్టరు ముందు కూర్చోవాలి, చెప్పింది వినాలి. నాకు వినే ఓపిక లేదు. కొట్టడానికి ఒక వస్తువు దొరికింది, అది చాలు.

పెట్టెలోని సామానంతా వాకిట్లోకి విసిరాను. పౌడరు డబ్బా గోడకు తగిలి పగిలి వాకిలంతా తెల్లబడింది. షాంపూ సీసా పగలకపోతే మడమతో తొక్కాను. మూత ఎగిరి జిగురంతా మట్టిలో పారింది. పిల్ల పరిగెత్తుకొచ్చి సీసా మీద పడింది. దాని జబ్బ పట్టి లాగి పడేశాను. మోచెయ్యి దోక్కుపోయింది.

"నీకేమన్న పిచ్చి లేసిందానే? తండ్రి పంపిన సామాను గట్ల తొక్కుతవా?" అని అత్త అరిచింది.

"విషం పంపిండు నీ కొడుకు! విషం!" అన్నాను.

అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు అంటారు. నాకు కోపం దూరాన ఉన్న మొగుడి మీద. తొక్కింది సీసాను. పడింది పిల్ల.

సాయంత్రం పిల్ల ఫోనులో తండ్రికి చెప్పింది. ఆయన గొంతు ఫోను బయటికి వినబడింది. "నేను గీడ ఎండల సచ్చుకుంట పంపితె నువ్వు మట్లె కలుపుతవానే?" అన్నాడు. నేనూ తగ్గలేదు. ఆయన తల్లినీ నా తల్లినీ కలిపి తిట్టాడు, నేను ఆయన ఏడు తరాలనూ తిట్టాను. ఆ తర్వాత నెల రోజులు ఆయన పిల్లతో మాట్లాడేందుకు అత్త ఫోనుకే చేశాడు.

అక్కడితో ఆగితే బాగుండేది. మా ఊరి దుకాణంలో చిల్లర లేకపోతే చాక్లెట్టో షాంపూ ప్యాకెట్టో చేతిలో పెడతారు. ఒకరోజు పిల్ల చక్కెరకు పోయి షాంపూ ప్యాకెట్టు పట్టుకొచ్చింది. నేను దాన్ని ఒక్కటి వేసి, చెవి పట్టుకుని దుకాణానికి ఈడ్చుకుపోయాను. దుకాణదారు పెద్దమనిషి, పిల్లలతో పరాచికాలాడేవాడు. ఆయన ముందు వేలాడుతున్న షాంపూ దండలు నాలుగూ పట్టి గుంజాను. దండెం తెగింది. ప్యాకెట్లు ఆయన మొహాన విసిరికొట్టాను.

"ఏమైందమ్మ, నేనేం జేసిన?" అంటూ ఆయన లేచాడు.

"పిల్లలకు మందు పెడ్తున్నవురా" అన్నాను. వయసులో నాకు తండ్రంతటివాణ్ని రా అన్నాను. ఆయన నా భుజం పట్టి బయటికి నెట్టాడు, నేను బియ్యం బస్తాల మీద పడ్డాను. లేచి తూకపు గుండు ఎత్తాను. ఎవరో వెనక నుంచి నా చెయ్యి పట్టుకున్నారు కాబట్టి సరిపోయింది, లేకపోతే ఆయన పళ్లు రాలేవి. అటూ ఇటూ చూస్తే పిల్ల కనబడలేదు. వెతికితే బస్తాల వెనక చెవులు మూసుకుని కూర్చుని ఉంది.

ఆ రోజు నుంచి మా ఇంట్లో కుంకుడుకాయే. ఆకు, కాయ, గింజ, దేవుడిచ్చినవి, అందులో కెమికల్ ఉండదు అని నేను వాడకట్టంతా ప్రచారం చేశాను. కుంకుడు రసం పడి పిల్ల కళ్లు ఎర్రగా వాచేవి. తలస్నానం అంటే చాలు, అది పశువుల కొట్టంలో దాక్కునేది. నేను బయటికి ఈడ్చి, రెండు మోకాళ్ల మధ్య ఇరికించి రుద్దేదాన్ని. అది గింజుకునేది, గీరేది, ఒకసారి నా తొడ కొరికింది. నేను చెంబుతో ఒకటి వేశాను. పని సరిగ్గా అయ్యేది కాదు. సగం నురగ జుట్టులోనే ఉండిపోయేది. రెండు వారాలకోసారి కూడా తల సరిగ్గా కడగలేకపోయాను.

వానాకాలం బడి తెరిచాక పిల్ల తల నిండా పేలు. జడ పాయ తీస్తే చెవుల వెనక తెల్లగా ఈపి, పేల గుడ్లు. గోకి గోకి పుండ్లు చేసుకుంది. బళ్లో దాన్ని వేరే బెంచీ మీద కూర్చోబెట్టారు. ఒక పొద్దు టీచరమ్మ నన్ను పిలిపించి, పేలు పోయేదాకా పంపొద్దని మెల్లగానే చెప్పింది. నాకు మాత్రం నడిబజారులో చెంపదెబ్బ తిన్నట్టయింది. ఇంటికొచ్చి దువ్వెన విరిగేలా దాని వీపు మీద కొట్టాను. పేలు దానివి, పరువు నాది.

అత్త ఓర్చి ఓర్చి ఎల్లారెడ్డి పోయి మందుల షాపులో పేల షాంపూ తెచ్చింది. ఎలా వాడాలో కాగితం మీద రాయించుకుని మరీ వచ్చింది. నేను కార్ఖానాకు బీడీలు ఇవ్వడానికి పోయిన పూట చూసి పిల్లను బావి గచ్చు మీద కూర్చోబెట్టి తల తడిపింది. నేను అనుకున్నదానికంటే ముందే వచ్చాను. వాకిట్లోకి వాసన కొట్టింది.

"ఏం బెడ్తున్నవ్ దానికి?"

"పేలు సచ్చేది. దాక్టరు రాసేదే గిది. పది నిమిషాలుంచి కడుగుమన్నడు షాపాయన."

"నన్నడిగినవా?"

"నిన్నేం అడుగుతరే? పేనుకు పెత్తనమిస్తె తలంత కొరికిందట. ఇల్లు నీ చేతులకిస్తె గిట్లనే అయ్యింది" అంది అత్త.

నేను నెట్టాను. రెండు చేతులతో, గుండె మీద. ఆమె ఆరుపదులు దాటిన మనిషి, కాలు గచ్చు మీద జారి రోలు అంచుకు నుదురు కొట్టుకుంది. కనుబొమ్మ మీద చర్మం నోరు తెరిచినట్టు విచ్చుకుంది. రక్తం కళ్లలోకి కారుతుంటే ఆమె పైటచెంగు అదిమిపెట్టుకుని నన్నే చూసింది. తిట్టలేదు. నేను సారీ చెప్పలేదు. పిల్ల తల మీద బకెట్టు నీళ్లు గుమ్మరించి ఆ షాంపూ అంతా కడిగేశాను. సీసా బావిలో పారేశాను.

నుదుటికి కుట్లు వేయించుకుని అత్త ఆ మరుసటి పొద్దున చీరలు మూట కట్టుకుంది. నాగిరెడ్డిపేటలో తన కూతురి ఇంటికి పోతూ గడప దగ్గర ఆగి, "నన్ను గొట్టినవ్, మంచిది. పిల్లను మాత్రం కొట్టకు" అంది. నేను బీడీ దారం తెంపుతూ తల ఎత్తలేదు.

ఆ తర్వాతి ఆదివారం. ఇంట్లో నేనూ పిల్లా.

బర్రెలకు రక్తం పీల్చే గోమార్లు పడితే మా ఊళ్లో తంబాకు నానబెట్టిన నీళ్లు పూస్తారు. గోమార్లు పట్టు వదిలి రాలిపోతాయి. అత్త ఆ పని చేసిన రోజు చేతులు రెండుసార్లు సబ్బుతో తోముకునేది, నేను నవ్వేదాన్ని. బర్రె గోమార్లు చచ్చినప్పుడు పిల్ల పేలు చావవా అనుకున్నాను. పైగా తంబాకు ఆకే కదా, సీసా వెనక చిన్న అక్షరాలేవీ లేవు కదా! తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లంటే ఇదే. నాలుగో కాలు కళ్లెదుటే కనబడుతున్నా నేను పట్టు వదల్లేదు.

చాట అడుగున మిగిలిన తంబాకు నుసి రెండు గుప్పిళ్లు గిన్నెలో వేసి నల్లగా అయ్యేదాకా మరగబెట్టాను. చల్లారాక ఆ నీళ్లూ పిప్పీ కలిపి పిల్ల తలకు పట్టించాను. పుండ్లన్నీ పచ్చిగా ఉన్నాయి. చెయ్యి తగలగానే అది ఎగిరిపడింది.

"అమ్మా, మండుతున్నదే! అమ్మా, ఒద్దే!"

"మండాలె. మండితెనే సస్తయి."

అది లేవబోయింది. నేను మోకాళ్లతో బిగించాను. చేతులు విదిలిస్తే రెండూ కలిపి వెనక్కి విరిచి పట్టుకున్నాను. చెంప మీద రెండు వేశాను. ఊపిరాడనట్టు వెక్కి వెక్కి, తర్వాత ఏడుపు మానేసింది. లొంగిందనుకున్నాను. తలకు పాత తువ్వాలు బిగించి చుట్టి, గంటసేపు కదలొద్దని చెప్పి, అరుగు మీద కూర్చోబెట్టి నా పనిలో పడ్డాను.

కాసేపటికి "అమ్మా, తల తిరుగుతున్నది" అంది.

"నాటకాలు జెయ్యకు."

"కడుపుల తిప్పుతున్నది."

నేను చూడలేదు. చేతిలో ఆకు చుడుతున్నాను. అది ముందుకు ఒంగి నా చాట మీదే వాంతి చేసుకుంది. బీడీలన్నీ పాడయ్యాయని, దేవుడి మీద ఒట్టు, చెయ్యి ఎత్తాను. అప్పుడు చూశాను దాని మొహం. పెదాలు సున్నం కొట్టినట్టున్నాయి. నోటి నుంచి చొంగ తీగలుగా కారుతోంది. ఒళ్లంతా చెమట, చేతులు వణుకు. నిలబెడితే కాళ్లు నిలవలేదు. మళ్లీ వాంతి, మళ్లీ వాంతి, కడుపులో ఏమీ లేకపోయినా.

నాకు అప్పుడే తెలిసింది. నా ఒంటి మీద వారం రోజులు అనుభవించింది నాకు తెలియకుండా ఎలా ఉంటుంది? అయినా నా మనసు ఆ మాటను దగ్గరికి రానివ్వలేదు. తువ్వాలు విప్పి తల కడగాలని కూడా తోచలేదు. పిల్లను భుజాన వేసుకుని రోడ్డెక్కి, ఎదురొచ్చిన ఆటోకు అడ్డం పడ్డాను. ఎల్లారెడ్డి పోనిమ్మన్నాను.

ఆటోలో ఫోను మోగింది. ఆదివారం కాబట్టి పిల్లతో మాట్లాడేందుకు ఆయన చేశాడు. నా ఏడుపు విని ఏమైందని అరిచాడు. నేను చెప్పిన మాట ఇది: "మీ అమ్మ తెచ్చిన షాంపూ. పేల షాంపూ పెట్టిన్నుంచి పిల్లకు మంచిగ లేదు." ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ అబద్ధం! నోట్లో ముందే తయారుగా ఉన్నట్టు వచ్చింది. ఆయన ఫోను పెట్టేసి వెంటనే నాగిరెడ్డిపేటకు చేశాడట. కన్నతల్లిని పట్టుకుని "నా బిడ్డను సంపినవ్" అన్నాడట. కుట్లు ఇంకా ఆరని ఆ మనిషి చెప్పులు కూడా వేసుకోకుండా బయల్దేరింది.

ఎల్లారెడ్డిలో మేము పోయింది ఒక చిన్న ఆసుపత్రి. డాక్టరమ్మ పిల్లను బల్ల మీద పడుకోబెట్టి కళ్లలో లైటు వేసి చూసింది, నాడి పట్టుకుంది. ఆమె గొంతు మారింది.

"పురుగుల మందేమన్నా ముట్టుకుందా? తాగిందా? పొలం మందు డబ్బాలు ఇంట్ల ఉన్నాయా?"

"లేదు మేడం."

"ఏం తిన్నది? తలకేంది తువ్వాలు?"

"షాంపూ మేడం. మా అత్త తెచ్చిన పేల షాంపూ. తల కడిగి చుట్టిన."

"షాంపూకు ఇట్ల కాదమ్మా. నిజం చెప్పు. మందు తాగితే పోలీసులకు కూడా చెప్పాల్సి ఉంటది, కాని ముందు పిల్ల బతకాలె గదా."

పోలీసులు అనగానే నా నోరు ఇంకా బిగుసుకుంది. గదిలో తంబాకు వాసన గుప్పుమంటోంది. అయినా డాక్టరమ్మ దాన్ని పట్టించుకోలేదు. పట్టించుకునే పని లేదు కూడా. మా ఊళ్ల నుంచి వచ్చే ఆడవాళ్లందరి దగ్గరా ఆ వాసనే ఉంటుంది. నా చీర దగ్గర, నా చేతుల దగ్గర అదే. ఆ వాసన చాటున నేను దాక్కున్నాను. దాక్కున్న ఆ కాసేపూ తువ్వాలు కింద తంబాకు పిప్పి దాని పుండ్లలోకి ఇంకుతూనే ఉంది, అది నాకు తెలుస్తూనే ఉంది.

డాక్టరమ్మ పిల్ల మీదికి ఒంగింది. "బంగారం, నువ్వు చెప్పు. అమ్మ తలకు ఏం పెట్టింది?"

పిల్ల కళ్లు తెరిచింది. డాక్టరమ్మ వైపు చూడలేదు. బల్ల అంచు మీద ఆనించి ఉన్న నా కుడిచెయ్యి వైపు చూసింది. పెదాలు రెండుసార్లు కదిలాయి.

"షాంపూ" అంది. "అవ్వ తెచ్చింది."

నన్ను ఎవరైనా నరికినా అంత నొప్పి ఉండేది కాదు. చావుకు అంత దగ్గరగా పడుకుని కూడా ఆ పసిది నాకు భయపడి నా అబద్ధం మోస్తోంది.

"తంబాకు" అన్నాను. అరిచాను. "తంబాకు మరగబెట్టి పోసిన. నేనే పోసిన. తువ్వాలు కింద ఇంక ఉన్నది."

డాక్టరమ్మ నన్ను తిట్టలేదు. నా భుజం పట్టి గోడ వైపు నెట్టేసి నర్సును కేకేసింది. తువ్వాలు లాగేశారు. నల్లటి పిప్పి బల్ల మీద, నేల మీద పడింది. నర్సు కత్తెర తీసుకుని జుట్టు పట్టుకుని కుదుళ్ల దాకా కసకసా కోసేసింది. పేలతో సహా పాయలు పాయలుగా బకెట్టులో పడ్డాయి. సబ్బుతో నాలుగుసార్లు తల తోమారు, మెడ తోమారు, ఒళ్లంతా తుడిచారు. చేతికి సూది గుచ్చి సెలైను సీసా ఎక్కించారు. ఒక దశలో పిల్ల ఒళ్లు కట్టెలా బిగుసుకుని అదిరింది. నర్సు దాని దవడ పట్టుకుని పక్కకు తిప్పింది. నేను గోడకు తల బాదుకుంటుంటే, "ఆ పని బయట జేస్కో, మాకు అడ్డం రాకు" అంది.

నా బుద్ధి ఎంత పాడైందో ఇంకొకటి చెబుతాను. వాళ్లు తల తోముతున్న ఆ సబ్బు ఏ సబ్బో, దాంట్లో ఏముందోనని నా కళ్లు దాని పైకాగితం కోసం వెతికాయి. పిల్ల ప్రాణం పోతుంటే.

నన్ను బయటికి పంపిన కాసేపటికి అత్త వచ్చింది. కాళ్లకు దుమ్ము, నుదుటి మీద పట్టీ, పట్టీ అంచున మళ్లీ రక్తం. నన్ను చూడగానే రెండు చేతులతో తన నెత్తి మీద తానే కొట్టుకుంది. "నా చేతులిరగ, నేనే తెస్తి గా పాడు షాంపూ. నా చేతులిరగ" అని కింద కూలబడింది. ఆ మాట నిజమని నమ్ముతోంది. నేను ఊరుకుంటే చచ్చేదాకా నమ్ముతుంది. ఊరుకోవాలన్న ఆశ ఒక్క క్షణం నాలో కదిలింది, ఆ సంగతీ దాచను.

"నీ షాంపూ కాదు అత్తా. తంబాకు నీళ్లు. నేను పోసిన."

ఆమెకు అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. లేచింది. కుడిచేత్తో నా చెంప పగిలేలా కొట్టింది. మళ్లీ కొట్టింది. జుట్టు పట్టి వంచి వీపు మీద పిడికిళ్లతో గుద్దింది. "బర్రెకు పోసేది పిల్లకు పోస్తవానే! నీకు తంబాకు ఎక్కిన్నాడు నేను మజ్జిగ తాపలేదానే! మరిచిపోయినవానే!" అని ఒక్కో దెబ్బకు ఒక్కో మాట. జనం చేరారు, ఎవరో ఆమెను పట్టుకోబోయారు. పట్టుకోవద్దని చెయ్యి ఊపాను. నా బతుకులో నేను తిరిగి కొట్టని దెబ్బలు అవి. ఆమె అలిసిపోయి ఆగాక, పెదవి తెగిన రక్తం మింగి, మొగుడికి ఫోను చేసి నిజం చెప్పాను. ఆయన చివరిదాకా విన్నాడు. తర్వాత "అమ్మకియ్యి" అన్నాడు.

సాయంత్రానికి వాంతులు ఆగాయి. ఇక భయం లేదని, ఇంకా రెండు రోజులు చూసి పంపుతామని డాక్టరమ్మ చెప్పింది. నాతో విడిగా కూడా మాట్లాడింది. బయట దొరికే ప్రతి సీసా మంచిదని నేననను, అనుమానముంటే తెచ్చి నాకు చూపించు అంది. ఆకైనా గింజైనా ఒంట్లోకి పోతే చేసే పని చేస్తుందంది. ఇంత చిన్న మాట నాకు ఎవరూ ముందు చెప్పలేదని ఏడ్చాను. తంబాకు ఎక్కుతుందని అత్త మొదట్లోనే చెప్పింది కదా, ఎవరూ చెప్పలేదని ఎలా అంటాను? చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అందరూ చేసేదే. నేను కాల్చింది నా చేతులు కాదు.

మరుసటి పొద్దున పిల్లకు తెలివొచ్చింది. అత్త దాని పక్కన కూర్చుని రొట్టె పాలల్లో నానబెట్టి తినిపిస్తోంది. కత్తెర గాట్లతో బోడిగా, పుండ్ల మీద మందు పూసి, ఆ తల చూస్తే నాది కాని పిల్లలా ఉంది. నేను కాళ్ల వైపు కూర్చున్నాను. రొట్టె సగం అయ్యాక అడిగాను.

"డాక్టరమ్మ అడిగితె షాంపూ అని ఎందుకు జెప్పినవ్ బిడ్డా?"

పాలు మింగి ఆలోచించింది. "నువ్వు గట్లనే జెప్పినవ్ గద."

"నిజం జెప్పకపోతె సచ్చిపోతుంటివి గదనే."

దానికి నా ప్రశ్న వింతగా తోచినట్టుంది. అవ్వ చెయ్యి పట్టుకుని, కోపం లేకుండా, బళ్లో లెక్క అప్పజెప్పినట్టు చెప్పింది.

"సచ్చిపోతనని నాకు తెల్వదు. కొడ్తవని తెల్సు."

అత్త గిన్నె కింద పెట్టి మొహం అటు తిప్పుకుంది. నేను లేచి వరండాలోకి పోయాను.